ఏడు నాలుకల పుస్తకం

ఖాలిక్ భాయ్ గురించి రాస్తానంటే మా ఇంట్లో నవ్వారు. "ఆయనేం చేశాడని?" అన్నారు. శుభలేఖలు చేశాడు. ముప్ఫై ఏళ్లపాటు కృష్ణా జిల్లాలో జరిగిన పెళ్లిళ్లలో పదోవంతు ఆయన చేతిమీదుగానే మొదలయ్యాయి. అంతకంటే తక్కువ పని చేసినవాళ్లకి విజయవాడలో సెంటర్‌కొకరికి విగ్రహాలున్నాయి. కాబట్టి రాస్తాను, నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు.

భవానీపురంలో ఆయన ఇంటి ముందుగదే పనిచేసే చోటు. తలుపుల శుభలేఖ ఆయన ప్రత్యేకత. కార్డు మధ్యలో రెండు తలుపులుంటాయి, దారం లాగితే తెరుచుకుంటాయి, లోపల వేంకటేశ్వరస్వామి కనిపిస్తాడు. ఐదుపూటలా నమాజు చేసే మనిషి, సరిగ్గా తెరుచుకుంటున్నాయో లేదో చూడ్డానికి రోజుకి మూడొందలసార్లు స్వామివారి తలుపులు తీసేవాడు. గంటల తరబడి క్యూలో నిలబడి అరక్షణం దర్శనం చేసుకొచ్చిన మా చుట్టాలకి ఈ సంగతి చెబితే ముఖాలు ముడుచుకున్నారు. దేవుడి బొమ్మ పడ్డ కత్తిరింపు ముక్కల్ని ఆయన చెత్తలో వెయ్యనిచ్చేవాడు కాదు. గోనెసంచిలో పోగేసి, శుక్రవారం నమాజయ్యాక కృష్ణలో కలిపొచ్చేవాడు. ఎందుకు భాయ్ ఈ శ్రమ అంటే, "ఎవరి దేవుడైనా కాళ్లకింద పడకూడదు కదా మాస్టారూ" అనేవాడు.

నేను మాస్టారిని కాదు, ప్రూఫ్ రీడర్ని. మా ఊళ్లో పుస్తకాల పనిలో ఉండి కళ్లజోడు పెట్టుకున్న ప్రతివాడూ మాస్టారే.

ఆయనకి ఒకే ఒక్క బాధ ఉండేది. ఉయ్యూరులో ఓ చెరుకు రైతు తన కూతురి పెళ్లికి ఆయన్ని పిలిచాడు. శుభలేఖ చేసినవాణ్ణి పెళ్లికి పిలవడం అరుదు కదా, ఇస్త్రీ బట్టలు వేసుకుని వెళ్లాడు. భోజనాల దగ్గర కూర్చుంటే బల్ల కదలడం లేదు. ఎంత గట్టిగా వేశారో అని మెచ్చుకుంటూ వంగి చూస్తే, బల్లకాలి కింద ఆయన చేసిన కార్డులే నాలుగు మడిచి పెట్టున్నాయి. తలుపులతో సహా. లడ్డూ కూడా తినకుండా లేచి వచ్చేశాడు. అప్పట్నించీ ఒకటే మాట అనేవాడు: "ఎవరైనా రెండోసారి తెరిచే వస్తువు ఒక్కటి చెయ్యాలి మాస్టారూ. చచ్చేలోపల ఒక్కటి చాలు." సరదాకి అన్నమాట కాదది. ఆ మాటన్నప్పుడు ఆయన చేతుల్లో పని ఆగిపోయేది.

అవకాశం మా యజమాని వెంకటకృష్ణారావు గారి రూపంలో వచ్చింది. ఆయన పదో తరగతి గైడ్లు వేసేవారు. పుస్తకం ఎందుకు చదవాలి, గైడుండగా అని మూడు తరాల్ని నమ్మించిన ఘనత వారిది. తొంభైతొమ్మిదిలో ఢిల్లీ పుస్తకాల ఎగ్జిబిషన్‌కి వెళ్లి, అక్కడ విదేశీ పిల్లల పుస్తకం ఒకటి చూశారు. పేజీ తెరిస్తే కోట లేచి నిలబడుతుంది, కాగితం లాగితే గుర్రం పరిగెడుతుంది. రైల్లో రెండురోజులు నిద్రపట్టలేదట. దిగగానే నన్ను పిలిచారు.

"మనం తెలుగులో వేస్తున్నామయ్యా. కథ నువ్వు రాయి."

"నేనా? నాకు తప్పులు దిద్దడమే వచ్చండి."

"కథలో తప్పులుండవన్నమాట. ఇంకేం కావాలి?"

కథ కొత్తది కాదు. ఏడు సముద్రాల అవతల పంజరంలో చిలక, ఆ చిలకలో మాంత్రికుడి ప్రాణం, దాన్ని వెతుక్కుంటూ వెళ్లే రాకుమారుడు. ప్రతి అమ్మమ్మా చెప్పిన కథే. దాన్ని నేను కొంచెం తిప్పాను. చివరి పేజీలో చిలక దొరికాక ఏం చెయ్యాలో చదివే పిల్లే తేల్చుకోవాలి. ఒక అట్టముక్క లాగితే రాకుమారుడి చెయ్యి చిలక మెడ నులుముతుంది, మాంత్రికుడు కూలిపోతాడు. ఇంకోటి లాగితే పంజరం తలుపు తెరుచుకుని చిలక ఎగిరిపోతుంది. కింద "నీ ఇష్టం" అని రాశాను. నా బతుకులో నేను చేసిన ఏకైక సాహసం అది.

రావు గారికి నచ్చలేదు. "రెండు జవాబులేంటయ్యా? ఏది కరెక్టో కింద వెయ్యి. పిల్లలు కన్‌ఫ్యూజ్ అవుతారు" అని, స్వయంగా పెన్ను తీసి "సరియైన జవాబు వెనుక పేజీలో చూడుము" అని చేర్చారు. చివరి ప్రూఫులో దాన్ని కొట్టేశాను. అచ్చయ్యాక అడిగితే కంపోజింగ్‌లో పోయిందన్నాను.

బొమ్మలు బాలశౌరి వేశాడు. సినిమా బేనర్లు రాసేవాడు, నలభై అడుగుల బొమ్మలకి అలవాటుపడ్డ చెయ్యి. అరచేతంత మాంత్రికుణ్ణి వెయ్యమంటే మొదట మాంత్రికుడి మీసమే పేజీ అంతా వచ్చింది. రాకుమారుడు వందరోజులు ఆడిన సినిమాలో హీరోలా తొడ ముందుకుపెట్టి నిలబడ్డాడు. చిలక ఒక్కటే చిలకలా వచ్చింది.

ఇక లాగితే కదిలే పని. ఎవరు చెయ్యగలరని రావు గారు అడిగితే, తలుపుల శుభలేఖలు చేసే మనిషున్నాడని చెప్పాను. ఆ విదేశీ పుస్తకం ఖాలిక్ భాయ్ చేతిలో పెట్టారు. ఆయన దాన్ని వాసన చూశాడు, చెవి దగ్గర పెట్టుకుని ఒక కాగితాన్ని లాగుతూ విన్నాడు, తర్వాత "విప్పొచ్చా?" అని అడిగాడు. రావు గారు ఔననేలోపు విప్పేశాడు. మళ్లీ అతికించి ఇచ్చినప్పుడు గుర్రం ముందుకన్నా జోరుగా పరిగెత్తింది.

మూడు నెలలు పట్టింది. పేజీ అంచు బయటికి అరంగుళం పొడుచుకొచ్చి ఉండే, పిల్లలు పట్టుకుని లాగే ఆ అట్టముక్కని ఆయన నాలుక అనేవాడు. మొత్తం ఏడు నాలుకలు. ఒకటి లాగితే ఓడ కదులుతుంది, ఒకటి లాగితే సముద్రం రెండుగా చీలుతుంది. లోపలి కీళ్లకి దారపు ముడులు. ఆయన భార్య గౌసియా ముడులు వేసేది, ఆయన అతికేవాడు. ఐదొందల పుస్తకాలు పూర్తయిన రోజు ఖాలిక్ భాయ్ మా ఆఫీసుకి వచ్చి, మొదటి కాపీ బల్లమీద పెట్టి, ఏడు నాలుకలూ వరసగా లాగాడు. మళ్లీ మొదటినుంచి లాగాడు. "రెండోసారి" అన్నాడు నావైపు చూసి.

రావు గారు గైడ్లు అమ్మినట్టే ఇదీ అమ్మారు. పిల్లలకి అమ్మితే ఎప్పటికి పూర్తవుతుంది, మొత్తం ఒకరికే అంటగట్టాలని ఆయన లెక్క. పేరెందుకు గానీ, పటమటలో పెద్దాఫీసు పెట్టుకుని నలభై బ్రాంచీలు నడిపే ఓ స్కూళ్లవాళ్లకి అప్పుడే లైబ్రరీ తనిఖీ రాబోతోంది. బ్రాంచీకి పది చొప్పున నాలుగొందల కాపీలు ఆర్డరిచ్చారు. ఆర్డరుతోపాటు ఒక షరతు కాగితం వచ్చింది. లైబ్రరీకి చేరే ప్రతి పుస్తకమూ గట్టి అట్ట వేసి, పక్కన కుట్టి, మూడువైపులా కటింగ్ చేసి ఇవ్వవలెను. రావు గారు చూడకుండానే సంతకం పెట్టి, బైండింగ్ పని కూడా ఖాలిక్ భాయ్‌కే ఇచ్చారు. చేసినవాడికే ఇచ్చాను చూశావా నా ధర్మం అన్నట్టు నావైపు చూశారు.

పుస్తకాల ఊరు మాది. ఎంత గొప్ప పుస్తకం వచ్చినా దాని మొదటి పాఠకుడు బైండరే, అతను చదివేది కటింగ్ మిషన్‌తో. ఇన్నేళ్లు ఈ పద్ధతి చూస్తూ అదే మర్యాద అనుకున్న నాకు కూడా ఆ కాగితంలో ఏముందో తట్టలేదు. ఖాలిక్ భాయ్‌కి తట్టింది.

"మాస్టారూ, మూడువైపులా కటింగ్ అంటే నాలుకలన్నీ తెగిపోతాయి."

రావు గారికి చెబితే, "రూలు రూలేనయ్యా. నాలుకల్లేకపోతే ఏం, కథ ఉంది కదా, చదువుకుంటారు" అన్నారు. ఢిల్లీనుంచి నిద్రలేకుండా వచ్చిన మనిషి ఈయనేనా అని కోపమొచ్చింది. మింగేశాను. జీతగాణ్ణి.

ఖాలిక్ భాయ్ మింగలేదు. ఒక కాపీ చంకలో పెట్టుకుని, నన్ను తోడు తీసుకుని, పటమట ఆఫీసుకి వెళ్లాడు. లైబ్రరీల ఇన్‌చార్జి సంజీవరావు గారు. బల్లమీద రబ్బరు స్టాంపులు ఎత్తు ప్రకారం నిలబెట్టుకున్న మనిషి.

"ఇది ఒక్కసారి లాగి చూడండి సార్."

ఆయన లాగారు. ఓడ కదిలింది. కళ్లజోడు సర్దుకుని మళ్లీ లాగారు. సముద్రం చీలింది. "ఓహో" అన్నారు. అటెండర్ని పిలిచి చూపించారు, పక్క గదిలో క్లర్కుని పిలిచి చూపించారు. చివరి పేజీకి వచ్చి చిలకని వదిలేశారు, మళ్లీ పంజరంలోకి లాగి మెడ నులిమారు, మళ్లీ వదిలేశారు. పావుగంట పట్టింది. ఖాలిక్ భాయ్ ముఖం వెలిగిపోతోంది.

"చాలా బాగుందండీ. మా చిన్నప్పుడు ఇలాంటివెక్కడివి!" అని పుస్తకం మూసి, "అయితే కటింగ్ మాత్రం తప్పదు" అన్నారు.

"అదేంటి సార్?"

"ఇవి బయటికి పొడుచుకొస్తున్నాయి కదా. బీరువాలో పెడితే వరస చెడుద్ది. పైగా ఇంత బాగుంటే పిల్లలు లాగరూ?"

"లాగాలనే కదండీ."

"లాగితే చిరగదూ?"

బస్సులో వస్తూ ఖాలిక్ భాయ్ కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. బెంజి సర్కిల్ దాటాక మాత్రం, "అంచు సాఫీగా ఉండాలి, అంతే కదా ఆయనకి" అన్నాడు.

తర్వాత రెండు నెలలు ఆయన శుభలేఖ ఒక్కటి ముట్టుకోలేదు. శ్రావణమాసం ముహూర్తాలు ముంచుకొస్తుంటే, వచ్చినవాళ్లని వచ్చినట్టే వేరే షాపులకి పంపేశాడు. నాలుగొందల పుస్తకాల్లో ఒక్కొక్క నాలుకనీ వెనక్కి, పేజీ లోపలికి జరిపి అతికించాడు. అది ఉన్నచోట అంచుకి అర్ధచంద్రంలా చిన్న గంటు పెట్టాడు, పిల్లల వేలు దూరేంత. ఇప్పుడు మూడువైపులా కోసినా నాలుక తెగదు, వేలుపెట్టి లాగితే వస్తుంది. మొత్తం రెండువేల ఎనిమిదొందల గంట్లు. గౌసియా నన్ను చూడగానే విరుచుకుపడింది.

"ఏమండీ అన్నయ్యగారూ, ఊళ్లో పెళ్లిళ్లన్నీ వదిలేసి ఈయన చిలకల వెంట పడ్డాడు. ఇదంతా మీ కథ వల్లే! ఆ మాంత్రికుడు మొదటి పేజీలోనే చచ్చిపోయినట్టు రాస్తే మీ సొమ్మేం పోయేది?"

తిడుతూనే కొత్త ముడులు వేస్తోంది. పాత ముడుల కన్నా గట్టిగా వేస్తోందని ఖాలిక్ భాయ్ నాకు సైగ చేశాడు.

సంజీవరావు గారు ఒక్కొక్క పుస్తకం అంచుమీద అరచెయ్యి ఆనించి రాసి చూశారు. సాఫీగా ఉంది. స్టాంపు వేశారు. గంట్లు ఆయన కంట పడ్డాయో లేదో తెలియదు, పడ్డా షరతు కాగితంలో గంట్ల ప్రస్తావన లేదు. పుస్తకాలు బ్రాంచీలకి వెళ్లాయి, బ్రాంచీల్లో అద్దాల బీరువాలకి వెళ్లాయి, బీరువాలకి తాళాలు పడ్డాయి. తనిఖీవాళ్లు అద్దంలోంచి చూసి, పుస్తకాలున్నాయని రాసుకుని, కాఫీ తాగి వెళ్లిపోయారు.

ఆ తర్వాత ఖాలిక్ భాయ్ ఆ స్కూలు పని ఏదున్నా తానే వెళ్లి ఇచ్చొచ్చేవాడు. పెద్దాఫీసున్న భవనంలోనే పటమట బ్రాంచీ, దాని కారిడార్ చివర బీరువా. మా పుస్తకాలు కింది అరలో వరసగా, ఒకదాన్నొకటి ఒరుసుకుని, ఎవరూ ముట్టనట్టు ఉండేవి. ప్రతిసారీ అడిగేవాడు, "పిల్లలు తీస్తున్నారాండీ?" అని. సంజీవరావు గారు గర్వంగా చెప్పేవారు:

"ఒక్క పేజీ చిరగలేదండీ ఇన్నాళ్లకీ. అంత జాగ్రత్తగా చూసుకుంటున్నాం మీ పుస్తకాన్ని."

బల్లకాలి కింద పెట్టినందుకు లడ్డూ మానేసిన మనిషి, ఈ మాటకి థాంక్స్ చెప్పి రావాల్సొచ్చేది. మిగిలిన వంద కాపీల్లో కొన్ని పెద్దవాళ్లకి కాంప్లిమెంటరీగా పోయాయి. కొన్ని మాలాంటి ఇళ్లవాళ్లు కొన్నారు. వాళ్లూ షోకేసులో పెట్టి, పిల్లాడు పెద్దయ్యాక ఇస్తామన్నారు. పిల్లాడు పెద్దయ్యాడు, ఎంసెట్‌కి వెళ్లిపోయాడు. చిలక ఎక్కడా చావలేదు, ఎక్కడా ఎగరలేదు. నాలుగేళ్లు గడిచాయి. ఖాలిక్ భాయ్ మళ్లీ తలుపుల శుభలేఖలు చేసుకుంటున్నాడు. రెండోసారి తెరిచే వస్తువు మాట ఎత్తడం మానేశాడు. ఆ మాట ఆయన అననప్పుడే నాకు ఎక్కువ వినిపించేది.

రెండువేల నాలుగులో ఓ ఆదివారం మధ్యాహ్నం ఆయన దగ్గర కూర్చుని టీ తాగుతుంటే గుమ్మంలోకి ఒకామె వచ్చింది. పటమట బ్రాంచీలో ఆయా, పేరు మణెమ్మ. ఖాలిక్ భాయ్ పుస్తకాలు మోసుకెళ్లినప్పుడు దించుకునేది, అందుకని ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. కొంగులోంచి పాతచీర ముక్కలో చుట్టిన పొట్లం తీసి, ఇవ్వడానికి భయపడుతూ నిలబడింది.

"భాయ్ గారూ, నన్ను మీరే కాపాడాల. శనివారం శనివారం బీరువా తుడవటానికి నాకు తాళంచెవి ఇత్తారు. పోయినేడు మా మనవరాలికి జరమొచ్చి మంచంలో ఉంటే ఒక్కరోజు చూపిద్దామని ఇది పట్టికెళ్లా. అది మళ్లీ ఇయ్యలా. దాత్తాది, ఏడుత్తాది. ఎల్లుండి లెక్క చూత్తారంట, పది ఉండాలంట. చూడండి ఏం చేసిందో. ఎట్టాగోకట్టా ముందున్నట్టు చేసి పెట్టండి బాబూ."

ఖాలిక్ భాయ్ మూట విప్పాడు. నేను ఆయన ముఖమే చూస్తున్నాను. అట్ట ఊడి వేలాడుతోంది. పేజీల మూలలు గుండ్రంగా అరిగిపోయాయి. ఓడ నాలుక తెగిపోతే కొబ్బరి ఈనె కట్టింది. సముద్రం మీద పప్పు మరక. ప్రతి గంటు దగ్గరా కాగితం నల్లబడి, మెత్తబడి, వేలి ఆకారంలో పల్లం పడింది. ఆయన ఒక్కొక్క పేజీ తిప్పుతున్నాడు, పెదవులు వణుకుతున్నాయి. మణెమ్మకి అది కోపంలా కనపడింది.

"పాడు చేసిందండీ. చిన్నపిల్ల, తెలవదు" అంటూ ఏడవబోయింది.

"పాడు కాదమ్మా" అన్నాడు ఖాలిక్ భాయ్. కళ్లనీళ్లు తుడుచుకోవాలని కూడా ఆయనకి తోచలేదు. "గౌసియా! ఇలా రా. చూడు, చింపేశారు!" అని లోపలికి కేక పెట్టాడు, మనవడు ఆసిమ్ పుట్టాడని చెప్పినప్పుడు కూడా అంత గట్టిగా కేక పెట్టలేదు.

గౌసియా వచ్చి చూసింది. లోపలికెళ్లి, గంట్లు పెట్టి బైండు చేసిన మొదటి నమూనాగా ఆయన దాచుకున్న కాపీని ట్రంకుపెట్టెలోంచి తెచ్చింది. దానికి ప్లాస్టిక్ కవరు కూడా తియ్యలేదు.

"ఇదిగో, ఇది తీసుకెళ్లి బీరువాలో పెట్టమ్మా, వాళ్లకి కావాల్సింది ఇలాంటిదే" అంది. తర్వాత మొగుడి వైపు తిరిగి, "మన ఆసిమ్ అడిగితే చిరుగుద్ది అని ముట్టుకోనిచ్చావు కాదు. నువ్వూ సంజీవరావువే" అంది. నేను కూడా తల వంచుకున్నాను. మా షోకేసులో ఒకటుంది.

ఖాలిక్ భాయ్ ఆ మాట విన్నాడో లేదో. చివరి పేజీ దగ్గర ఆగిపోయాడు. మేం పెట్టినవి రెండు నాలుకలు. అక్కడ మూడున్నాయి. మూడోది అగరొత్తుల డబ్బా అట్ట, అన్నం మెతుకులతో అతికించింది. మాంత్రికుడి చెయ్యిని భుజం దగ్గర కత్తిరించి, చీపురుపుల్ల ముక్క గుచ్చి కీలు పెట్టింది. అలాంటి కీళ్ల దగ్గర మేం వేసిన దారపు ముడి పట్టేసేది, ఆ సంగతి ఖాలిక్ భాయ్‌కి తెలుసు, నాలుగేళ్లయినా దానికి ఉపాయం దొరకలేదు. ఆయన ఆ చీపురుపుల్లని గోటితో తాకి చూశాడు.

"ఇదేంటమ్మా, ఇది లాగితే ఏమవుద్ది?"

"నాకేం తెలుసయ్యా. బయట నుంచుంది, దాన్నే అడగండి. ఒసే రుచితా, ఇట్రా!"

ఎనిమిదేళ్ల పిల్ల. తిట్లు తినడానికి సిద్ధపడి, ముఖం బిగించుకుని వచ్చింది. ఖాలిక్ భాయ్ నేలమీద గొంతుక్కూర్చుని, పుస్తకం దాని ముందు పెట్టి, మళ్లీ అడిగాడు. అది మా ముఖాలు చూసి, మూడో నాలుక మీద వేలు పెట్టింది.

"మాంత్రికుడు చిలక్కి జాంకాయ పెడతాడు" అంది.

"ఎందుకు?" అన్నాను. రాసినవాణ్ణి కదా, నాకు తెలియాలి.

"చిలక చచ్చిపోతే వాడూ చచ్చిపోతాడు కదా. మరి దానికి రోజూ తిండెవరు పెడతన్నారు? వాడే ఏడు సముద్రాలు దాటొచ్చి పెట్టాల. ఎవురూ రాయలేదు."

నిజమే. ఈ కథ చెప్పిన ఏ అమ్మమ్మా ఆ సంగతి చెప్పలేదు, దిద్దిన నేనూ రాయలేదు. కథలో తప్పులుండవని రావు గారు నన్ను నమ్మారు పాపం. ఆ పుస్తకం మళ్లీ స్కూలుకి వెళ్లదని, ఇక దానిదేనని ఖాలిక్ భాయ్ చెప్పాడు. అది పుస్తకాన్ని చటుక్కున దగ్గరికి లాక్కుంది. తర్వాత కొంచెం జాలిపడినట్టుంది, "కావాలంటే ఒకసారి లాగు తాతా" అని ఆయన ముందుకు జరిపింది.

ముప్ఫై ఏళ్లు తలుపులు తెరిపించిన చెయ్యి ముందుకి చాపాడు. మూడో నాలుక పట్టుకుని లాగబోయాడు. పిల్ల ఆయన మణికట్టు పట్టుకుని ఆపింది.

"అట్టా కాదు తాతా. మెల్లగా లాగాల. చిరుగుద్ది."